అరవై ఆరు డిగ్రీల లూకా

మౌలాలీ పారిశ్రామికవాడ చివర, రేకుల కప్పు కింద, ఒక ప్రైవేటు చమురు పరీక్షశాల ఉండేది. ఇప్పుడక్కడ ప్లాస్టిక్ బిందెలు చేస్తున్నారు. ఆ పరీక్షశాలలో ఇరవై మూడేళ్ళు పనిచేసిన లూకా గారి గురించి రాస్తున్నాను. పేరున్నవాళ్ళ జీవితాలు రాయడానికి జీతాలు పుచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈయన సంగతి రాస్తే ఎవరూ ఏమీ ఇవ్వరు కనుక అది నా వంతుకు వచ్చింది.

ఆయన పుట్టింది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో. తండ్రిది బాపట్ల దగ్గర ఊరు. ఇంజను షెడ్డులో పని దొరికి ఇటు వచ్చాడు. లూకా గారు పీయూసీతో చదువు ఆపేసి, పరీక్షశాలలో సీసాలు కడగడానికి చేరారు. నాలుగేళ్ళలో ఫ్లాష్ పాయింట్ గది ఆయన చేతికొచ్చింది. మల్కాజ్‌గిరిలో రెండు గదుల సొంత ఇల్లు. భార్య ప్రేమమణి గారు మిషన్ బడిలో టీచరు. పిల్లలు లేరు. మాదీ వాళ్ళదీ ఒకటే చర్చి. డిగ్రీ మధ్యలో వదిలేసి గ్రంథాలయంలో పుస్తకాలు నములుతూ తిరుగుతున్న నన్ను, టైపు వచ్చని తెలిసి, పరీక్షశాల ఆఫీసులో పెట్టించింది ఆయనే. నేను అంకుల్ అనేవాణ్ణి. నా పేరు దేవకృప. ఆయన కృపా అనేవారు.

ఆయన పని చెప్పడానికి తేలిక. ఫ్యాక్టరీల్లో బాయిలర్ల కింద మండించే నల్లటి చమురును ఫర్నేస్ ఆయిల్ అంటారు. ట్యాంకరు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రాగానే ఒక సీసాలో నమూనా పట్టి మాకు పంపేవాళ్ళు. దాని బరువెంత, చిక్కదనమెంత, కాలిస్తే ఎంత వేడినిస్తుంది, ఎంత వేడికి అంటుకుంటుంది, ఇవన్నీ చూసి మేం కాగితం ఇవ్వాలి. కాగితం చేతికి అందేదాకా ట్యాంకరు రోడ్డు మీదే నిలబడాలి. ఎంత వేడికి అంటుకుంటుందో చూడడం లూకా గారి పని. చమురును నెమ్మదిగా వేడిచేస్తూ పోతే, ఒకచోట దాని మీద చేరిన ఆవిరి, దగ్గరికి తెచ్చిన మంటకు ఒక్కసారి గుప్పుమని వెంటనే ఆరిపోతుంది. ఆ క్షణాన థర్మామీటరు చూపించే అంకే ఫ్లాష్ పాయింట్. ఫర్నేస్ ఆయిల్‌కి అది అరవై ఆరు డిగ్రీలకు తగ్గకూడదు. తగ్గితే అందులో తేలిగ్గా మండే సరుకేదో కలిసిందని అర్థం. వేడిచేసే తొట్టి దగ్గర మనుషులు కాలిపోతారు. ఈ అంకె వల్లే చుట్టుపక్కల వాళ్ళు ఆయన్ని అరవై ఆరు డిగ్రీల లూకా అనేవాళ్ళు. ఎంత బతిమాలినా అరవై అయిదున్నరను అరవై ఆరు చెయ్యడని.

ఆ మెరుపు పగటి వెలుతురులో కనిపించదు. అందుకని గది మూలలో నల్ల తెర కట్టుకుని, గాలి చొరకుండా చూసుకుని, చీకట్లో ఎత్తు స్టూలు మీద కూర్చునేవారు. ముందు ఇత్తడి గిన్నె, దాని మీద మూత, మూతకొక చిన్న కిటికీ. పిడి తిప్పితే కిటికీ తెరుచుకుని జొన్నగింజంత మంట లోపలికి వంగి వెంటనే వెనక్కి వస్తుంది. డిగ్రీకొకసారి తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ రెప్ప వెయ్యకుండా చూడాలి. రోజుకు పది పన్నెండు నమూనాలు, ఒక్కొక్కటి రెండుసార్లు. ఇరవై ఏళ్ళకు ఎన్నిసార్లవుతుందో నేను ఒకసారి లెక్కవెయ్యబోతే ఆయన వద్దన్నారు. "రెప్పలు లెక్కపెట్టుకుంటే నిద్రపడుతుందయ్యా," అన్నారు.

ఈ పనిలో కొత్తవాళ్ళు చేసే తప్పొకటుంది. కొన్ని చమురులకు అసలు మెరుపు రావడానికి ముందే మంట చుట్టూ పల్చటి నీలి వలయం కడుతుంది. దాన్నే మెరుపనుకుని అంకె వేసేస్తారు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని పరీక్షల పుస్తకంలో ప్రత్యేకంగా రాసి ఉంది. లూకా గారు అదే మాట తన పద్ధతిలో చెప్పేవారు. "వలయం మంటని పట్టుకుని వేలాడుతుంది. మెరుపు మంటని వదిలేసి చమురు మొత్తం మీద పరుగెడుతుంది. పరుగెత్తిందాన్నే నమ్ము."

కొలిచే ముందు అంచనా వెయ్యడం కూడా పనిలో భాగమే. మెరుపు దాదాపు ఎక్కడ వస్తుందో తెలిస్తే గాని, దానికి ఇరవై డిగ్రీల ముందు నుంచి మంట చూపించడం మొదలుపెట్టలేరు. లూకా గారు ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, అంకె చెప్పేవారు. సాయం చేసే జంగయ్య దాన్ని తలుపు మీద సుద్దతో రాసేవాడు. కొలిచాక చూస్తే ఒకటి రెండు డిగ్రీలకు మించి తేడా ఉండేది కాదు.

"అన్నా, పెండ్లిచూపులకు పోయినప్పుడు సుత గిట్లనే వాసన చూసినవా?" అని జంగయ్య అడిగేవాడు.

"చూశాను. కొబ్బరినూనె. దాని ఫ్లాష్ పాయింట్ చాలా ఎక్కువ. ఇరవై ఏళ్ళయినా ఒక్కసారి అంటుకోలేదు. మంచి మనిషి," అనేవారు లూకా గారు.

తొంభై ఒకటి వేసవిలో పర్వతాలు ట్యాంకరు మొదటిసారి ఫెయిలయింది.

పర్వతాలుది అల్వాల్. పదిహేనేళ్ళు ఎవరెవరివో బండ్లు నడిపి, చివరికి సొంతానికి ఒక పాత ట్యాంకరు కొనుక్కున్నాడు. మూడు ఫ్యాక్టరీలకు ఫర్నేస్ ఆయిల్ వేసేవాడు. పెద్ద కంపెనీల బండ్లు పొద్దున్నే వచ్చేవి. వాళ్ళకు డిపోలో ముందు వరస ఉంటుంది. పర్వతాలుకు వంతు వచ్చి, నింపుకుని, ఇటు చేరేసరికి నాలుగు దాటేది. కనుక అతని సీసా ఎప్పుడూ ఆ రోజు చివరి సీసా.

ఆ రోజు లూకా గారు వాసన చూసి డెబ్బై రెండన్నారు. తెర వెనక్కి వెళ్ళి వచ్చి అరవై నాలుగు అన్నారు. జంగయ్య తలుపు వైపు చూశాడు. ఎనిమిది డిగ్రీల తేడా ఎప్పుడూ లేదు. పద్ధతి ప్రకారం కొత్త నమూనా పోసి మళ్ళీ చేశారు. రెండోసారి అరవై రెండొచ్చింది.

"నా ముక్కు ముసలిదైపోయింది," అని లూకా గారు వరండాలోకి వచ్చి, నా టేబులు పక్కన కూర్చుని, కనుబొమల మీద బొటనవేళ్ళు నొక్కుకున్నారు.

"తలనొప్పా అంకుల్?"

"ఆ ఆవిరే. మందుల ఫ్యాక్టరీల్లో వాడి పారేసే సాల్వెంటు కలిపి ఉంటారు. అది తలకెక్కుతుంది."

నేను కాగితం టైపు చేశాను. చమురు బరువు సరిగ్గానే ఉంది. కాలిస్తే వచ్చే వేడి కూడా మంచి సరుకుకు రావలసినంతే వచ్చింది. ఆ మాట అడిగితే, ట్యాంకరుకు ఒక బిందెడు సాల్వెంటు చాలు, బరువు కదలదు, ఫ్లాష్ పాయింట్ మాత్రం పడిపోతుందన్నారు. అది నిజమే. పుస్తకంలో నేను చదివిందీ అదే. చదివింది, విన్నది ఒకటే అయితే ఇక ఆలోచించనక్కర్లేదనుకునేవాణ్ణి.

పర్వతాలు గేటు దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చాడు. పొట్టి మనిషి. చొక్కా జేబులో డిపో రసీదులు, వాటి మీద చమురు మరకలు.

"సార్, నా బండ్ల ఏం కలపలే. డిపోల నింపిన్రు, సీలేసిన్రు, నేరుగ వచ్చిన. తోవల చాయ్ సుత తాగలే."

"నేను కలిపావనలేదయ్యా. ఇంత వచ్చిందంటున్నాను," అన్నారు లూకా గారు.

"ఇంకోపారి చూడుండ్రి సార్. జెర మంచిగ చూడుండ్రి."

"రెండుసార్లు చూశాను. రెండోసారి ఇంకా తగ్గింది. మూడోసారి చూస్తే నీకే నష్టం."

పర్వతాలు నవ్వబోయి ఆగిపోయాడు. ఆ ట్యాంకరు వెనక్కి పోయింది.

నెలలో రెండోసారి, తర్వాత మూడోసారి అతని సరుకు ఫెయిలయింది. మిగతా బండ్లు పాసవుతూనే ఉన్నాయి. మేనేజరు లూకా గారిని పిలిచి, అరవై నాలుగుకీ అరవై ఆరుకీ పెద్ద దూరమేముంది, కస్టమర్లు పోతే ల్యాబు ఎట్లా నడుస్తుంది అన్నాడు. లూకా గారు, మీరే సంతకం పెట్టుకోండి సార్, నేను పెట్టను అని బయటికొచ్చేశారు. నేను టైపు మిషను మీద చేతులు ఆపి చూస్తూ ఉండిపోయాను. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. దొంగలు లేని లోకం వస్తుందని నమ్మేంత చిన్నవాణ్ణి కాదు గాని, దొంగ ఎవరో చూడగానే తెలుస్తుందని నమ్మేంత చిన్నవాణ్ణి. చుట్టూ అందరూ లొంగిపోయే మనుషులే. ఒక్కడు నిలబడ్డాడు. ఆ ఒక్కడూ తప్పు కావచ్చునని నాకు తోచలేదు. తోచనివ్వలేదు.

జూలైలో తెలిసింది, పర్వతాలు అదే సరుకును వేరే ల్యాబులో చూపించి పాస్ కాగితం తెచ్చుకున్నాడని. నా దృష్టిలో అది లంచానికి సాక్ష్యం.

"ఊరుకుంటే ఎట్లా అంకుల్?" అన్నాను. "అతని సరుకు కొనే మూడు ఫ్యాక్టరీలకు మనమే రాద్దాం."

"మన పని అంకె వెయ్యడం కృపా. మనిషి పేరు రాయడం కాదు."

"మీరు అంకె వేసి ఊరుకున్నారు. రేపు ఆ తొట్టి దగ్గర ఒకడు కాలిపోతే? అతనికీ మీరు అంకె చూపిస్తారా?"

ఆయన తలూపారు. ఉత్తరం నేను తయారుచేశాను. నాకు తెలిసిన మంచి మాటలన్నీ అందులో పెట్టాను. ప్రాణాలతో చెలగాటం, లాభాపేక్ష, అంతరాత్మ. లూకా గారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కాగితాన్ని దూరం పెట్టి, దగ్గరికి తెచ్చి, చదివారో లేదో తెలియదు, సంతకం పెట్టారు. ల్యాబు పేరు వెయ్యకుండా తన సొంత పేరూ, ఇంటి చిరునామా వేయించారు. ఆకాశరామన్న ఉత్తరం రాయడం తన వల్ల కాదన్నారు.

అక్టోబరులో ఒక ఆదివారం చర్చి అయ్యాక ప్రేమమణి గారు నన్ను పక్కకు పిలిచారు.

"మీ అంకుల్ సాయంత్రం ఆరాధనలో పాటల పుస్తకం తెరవట్లేదు బాబూ. తెలిసిన పాటయితే నోటికి పాడతారు, తెలియనిదయితే పెదవులు కదుపుతారు. ఇంట్లో బల్బు చుట్టూ సున్నాలు కనబడుతున్నాయంటారు. నా మాట వినరు. నువ్వు చెబితే వింటారు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవా?"

"కళ్ళజోడు మార్చాలేమో ఆంటీ. తీసుకెళతాను. ఈ పర్వతాలు గొడవ ఒకటి తేలనీయండి," అన్నాను.

ఆవిడ ఇంకేదో అనబోయి, సరే బాబూ అంది. టీచరు కదా, రెండోసారి చెప్పినా వినని పిల్లల్ని గుర్తుపడుతుంది.

రెండు ఫ్యాక్టరీలు పర్వతాలు దగ్గర కొనడం మానేశాయి. మూడోది, కొంపల్లి వైపున్నది, ఒక ఇంజనీరును మా దగ్గరికి పంపింది. పర్వతాలు పోరగా పోరగా, అందరి ముందూ ఒకసారి పరీక్ష చెయ్యమని అడగడానికి వచ్చాడాయన. లూకా గారు వెంటనే ఒప్పుకున్నారు. సంతోషంగానే ఒప్పుకున్నారు.

తొంభై రెండు జనవరిలో ఆ రోజు కూడా ట్యాంకరు నాలుగింటికే వచ్చింది. అందరం చూస్తుండగా నమూనా పట్టి సీలు వేశారు. తెర వెనక మామూలుగా ఇద్దరు పట్టే చోట అయిదుగురం నిలబడ్డాం. లూకా గారు, జంగయ్య, మేనేజరు, ఇంజనీరు, నేను. పర్వతాలు తెర అంచు పట్టుకుని బయట నిలబడ్డాడు. పొద్దుటి నుంచి లూకా గారు ఆ చీకట్లోనే ఉన్నారు. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తిన్నారని జంగయ్య తర్వాత చెప్పాడు. వెలుతురులోకి వెళితే కళ్ళు చెదురుతాయని.

"ఎంతన్నా?" అని జంగయ్య అలవాటుగా అడిగాడు.

లూకా గారు చుక్క రుద్ది వాసన చూశారు. "డెబ్బై రెండు లాగుంది. రాయకు. కానివ్వు."

మంట వెలిగించారు. థర్మామీటరు దగ్గర ముసుగు వేసిన చిన్న బల్బు. జంగయ్య అంకెలు చదువుతున్నాడు, లూకా గారు పిడి తిప్పుతున్నారు. యాభై. యాభై ఒకటి. ప్రతిసారీ జొన్నగింజంత మంట లోపలికి వంగి పైకి లేస్తోంది. యాభై ఎనిమిది. అరవై.

"అరవై ఒకటి," అన్నాడు జంగయ్య.

"అదిగో," అన్నారు లూకా గారు. "అరవై ఒకటి. రాసుకోండి."

"ఏది?" అన్నాడు ఇంజనీరు.

"నీలంగా వచ్చింది, మీరు చూళ్ళేదా?"

"నాకేం కనబడలేదండి."

జంగయ్య గొంతు తగ్గించి, "అన్నా, ఏం రాలే," అన్నాడు.

"సరిగ్గా చూడు జంగయ్యా. ఇప్పుడు మళ్ళీ తిప్పుతాను."

తిప్పారు. మంట వంగింది, లేచింది. నేనూ చూశాను. గిన్నెలో ఏమీ జరగలేదు.

"అదిగో, ఎంత పెద్దగా వచ్చిందో. చుట్టూ ఎర్రటి అంచు కూడా, ఇంద్రధనస్సులాగ..." అని ఆగిపోయారు.

మెరుపుకు రంగుల అంచు ఉండదు. అది మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు. మంట పైకి వచ్చేసింది. కిటికీ మూసుకుపోయింది. ఆయన ఇంకా దాని వంకే చూస్తున్నారు. తల కొంచెం అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. ఆ తిప్పడం ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. కన్ను తిప్పితే కంట్లో ఉన్నది కూడా వెంట తిరుగుతుంది, గిన్నెలో ఉన్నది తిరగదు. అది చూసుకుంటున్నారు.

"నువ్వు తిప్పు జంగయ్యా," అని పిడి వదిలి స్టూలు దిగారు. "అంకె ఆయన్ని చదవమను."

ఇంజనీరు చదవడం మొదలుపెట్టాడు. అరవై ఆరు దాటింది. డెబ్బై దాటింది. లూకా గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. డెబ్బై మూడు దగ్గర గిన్నె మూతిలో నీలి పొరొకటి గుప్పుమని పరుగెత్తి ఆరిపోయింది. అందరం ఒక్కసారి చూశాం.

"వచ్చిందా?" అని అడిగారు లూకా గారు.

"వచ్చిందన్నా."

"ఎంత?"

"డెబ్బై మూడు."

పర్వతాలు తెర వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు. నేను చెప్పిన గదా అని కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ మర్నాడే సికింద్రాబాదులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నీటికాసుల జబ్బు, గ్లకోమా అన్నారు. డాక్టరు వయసులో చిన్నది, ఓపికగా చెప్పింది. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి కొందరికి పుట్టుకతోనే ఇరుకు. చీకట్లో కంటిపాప విచ్చుకున్నప్పుడు ఆ దారి ఇంకా మూసుకుపోతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి, కనుబొమల మీద నొప్పి వస్తుంది. వెలుతురులోకి వస్తే కొంతసేపటికి తగ్గిపోతుంది. తగ్గింది కదా అని మనిషి మర్చిపోతాడు. తగ్గిన ప్రతిసారీ లోపల నరం కొంచెం చచ్చిపోయి ఉంటుంది.

"చీకట్లో ఎక్కువసేపు కూర్చునే పనేమైనా చేస్తారా?" అని అడిగింది.

లూకా గారు చేస్తానన్నారు. ఎన్నేళ్ళ నుంచి అంటే చెప్పారు. ఆవిడ రాసుకోవడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది.

ఇప్పుడు అన్నీ వరసలో పడ్డాయి. పొద్దున చేసిన సీసాలు ఎందుకు పాసయ్యాయో, చివరి సీసా ఎందుకు ఫెయిలయిందో. రెండోసారి అంకె ఎందుకు ఇంకా తగ్గిందో. తెర వెనక గంటల తరబడి కూర్చున్నాక, చమురు అరవై డిగ్రీలు ఎక్కే వేళకు ఆయన కంట్లో ఒత్తిడీ ఎక్కేది. ఆయన ఏమీ తప్పు చెయ్యలేదు. కొలత ఉండగా అంచనాను నమ్మకూడదన్నది నియమం. నియమం ప్రకారం ముక్కును కాదని కంటిని నమ్మారు. తలనొప్పి వస్తే దాన్ని కూడా సాల్వెంటుకు సాక్ష్యంగా లెక్కవేశారు.

ఎడమకన్ను దాదాపు పోయిందన్నారు. కుడికన్ను నాలుగో వంతు మిగిలింది. గొట్టంలోంచి చూసినట్టుంటుందట. ఒత్తిడి తగ్గించడానికి ఏదో చేశారు, చుక్కల మందిచ్చారు. పోయింది మాత్రం తిరిగి రాదన్నారు. ప్రేమమణి గారు డాక్టరును అడిగారు, ఎప్పుడొస్తే దక్కేదమ్మా అని.

"అక్టోబరులో వచ్చినా చాలా మిగిలేది," అంది డాక్టరు.

ఆంటీ నా వైపు చూడలేదు. ఇప్పటికీ ఆ మాట ఎత్తలేదు. చుక్కలు వేసే వేళల కాగితం నా చేత పెద్ద అక్షరాలతో రాయించి గోడకు అంటించింది.

ఉద్యోగం నెలాఖరుకు పోయింది. మేనేజరు ఒక శాలువా కప్పి, లూకా వంటి నిజాయితీపరుణ్ణి చూడలేదని అయిదు నిమిషాలు మాట్లాడాడు. ఇరవై మూడేళ్ళలో ఒక్కసారయినా ఆయన కళ్ళు పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. థర్మామీటర్లను మాత్రం ఏడాదికొకసారి సరిచూయించడానికి పంపేవాళ్ళం. ఆ ఉత్తరాలు టైపు చేసింది నేనే.

మార్చి మొదటి ఆదివారం చర్చి నుంచి బయటికొస్తూ లూకా గారు, "అల్వాల్ వెళ్ళాలి కృపా," అన్నారు. "పర్వతాలుకు నేను తప్పని చెప్పాలి. కాగితం మీద డెబ్బై మూడని వేశాం. మనిషికి చెప్పలేదు."

రెండు బస్సులు మారి వెళ్ళాం. పర్వతాలు ట్యాంకరు అప్పటికే అమ్మేశాడు. మూడో ఫ్యాక్టరీ కూడా, మంచి కాగితం చేతిలో ఉండి కూడా, చెడ్డపేరొచ్చినవాడితో మనకెందుకని వేరేవాళ్ళను చూసుకుంది. ఇప్పుడు ఎవరిదో నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాడు. ఇంటి ముందర అదే నిలబెట్టి ఉంది. అతని భార్య బుచ్చమ్మ మంచం వాల్చి, నీళ్ళు ఇచ్చి, ఎవరో తెలిశాక లోపలికి వెళ్ళిపోయింది.

పర్వతాలు ఎదురుగా గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"నా కళ్ళు చెడిపోయాయి పర్వతాలూ. లేనిది కనబడింది. నీ సరుకు మంచిదే. అన్నిసార్లూ మంచిదే అయ్యుంటుంది. తప్పు నాది. క్షమించమని అడగడానికొచ్చాను."

"జంగయ్య చెప్పిండు," అన్నాడు పర్వతాలు. కొంతసేపు చేతులు చూసుకున్నాడు. "ఇప్పుడు నేను కనవడ్తున్ననా సార్?"

"ముఖం కొంచెం. మిగతాది లేదు."

"సరే సార్. మీకు కండ్లు కనవడలే. గది మీ తప్పు గాదు, రోగం. మరి గ చిట్టీ? చిట్టీల ఏమేం రాసిన్రో ఫ్యాక్టరీల సదివి వినిపిచ్చిన్రు నాకు. మనుషుల పానాలతోని ఆడుకుంటున్ననంట. చిట్టీ రాయనీకి సుత కండ్లు అడ్డమొచ్చినయా?"

నేను మంచం కోడు మీద వేళ్ళు పెట్టి కూర్చున్నాను. నోరు తెరిస్తే చాలు. అందులో ప్రతి మాటా నాదే.

"నేనే రాశాను," అన్నారు లూకా గారు. "సంతకం నాదే కదా."

"మీదే. చూసిన."

"నీకేం చెయ్యాలో చెప్పు. చేస్తాను."

"ఏం చేస్తరు సార్? ఆ దినాలు వాపస్ తెస్తరా? మీరు కండ్లు పోయి చేసిన్రు. నేను ఏం పోయి అనుభవించాలె?"

పర్వతాలు లేచి, బుచ్చమ్మను పిలిచి చాయ్ పెట్టమన్నాడు. ముగ్గురం తాగాం. తర్వాత తనే లూకా గారి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి బస్టాపులో నిలబెట్టాడు. బస్సొచ్చేదాకా ఉన్నాడు. మా వైపు కాకుండా అటువైపు చూస్తూ ఉన్నాడు.

బస్సులో కూర్చున్నాక లూకా గారు అడిగారు. "క్షమించానన్నాడా కృపా? నాకు సరిగా వినబడలేదు."

"అనలేదు అంకుల్."

"అవును, అనలేదు." కాసేపాగి, "చాయ్ ఇచ్చాడు," అన్నారు.

మళ్ళీ వెళ్ళాం. రెండోసారి బుచ్చమ్మ చాయ్ ఇవ్వలేదు, నీళ్ళిచ్చింది. మూడోసారి పర్వతాలు బండి తీస్తూ ఎదురొచ్చి, "మీకు నిద్రపడ్తలేదని నా దగ్గరికొస్తే ఎట్ల సార్?" అని వెళ్ళిపోయాడు. అతను కోపంగా అనలేదు. అలసిపోయి అన్నాడు. ప్రతిసారీ దారిలో నేను ఒక మాట సిద్ధం చేసుకునేవాణ్ణి, ఉత్తరం నాదని. అల్వాల్ దగ్గరపడేకొద్దీ ఆ మాట చిన్నదైపోయేది. లూకా గారికి అది తెలుసు. నన్ను ఒకసారి కూడా అడగలేదు, ఒకసారి కూడా వద్దనలేదు. ఇది అచ్చయితే పర్వతాలు చదవడు. అతనికి చదువు రాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నానేమో.

నాలుగోసారి వెళ్ళినప్పుడు ఎండ బాగా ఉంది. తలుపు వేసి ఉంది. లూకా గారు గడప ముందు నిలబడి, చేత్తో తలుపు వెతుక్కుని, రెండుసార్లు తట్టారు. లోపల రేడియో వినబడుతూ వినబడుతూ ఆగిపోయింది. పర్వతాలు చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. నీళ్ళ బండి గోడ వారనే ఉంది.

"ఉన్నాడా?" అన్నారు.

"లేడంకుల్," అన్నాను.

ఆయన కొంచెంసేపు అలాగే నిలబడ్డారు. "పనికెళ్ళి ఉంటాడు. వచ్చే ఆదివారం వద్దాం," అన్నారు.

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను.